ఏ ఊరి ఒండ్రో

కూకో తవిటినాయుడు బాబూ,
ఆ స్టూలు మీద కాదు, దానికి కాలు ఇరిగింది.
ఇటు, రెక్సిన్ సుట్ట మీద కూకో.
టీ సెప్పినాను.
సిక్కోలు డే అండ్ నైట్ జంక్షన్‌కాడ
ఈ కొట్టు పెట్టి పంతొమ్మిదేళ్లు.
ఆటోలకి సీట్లు కుట్టినాను, అంబులెన్సుకి పరుపు కుట్టినాను,
టాపు మడతపడే బండి మాత్రం
ఇదే మొదలు.

ముచ్చటగానే ఉందిలే.
మీట నొక్కితే
తలపాగా తీసి దండం పెట్టినట్టు
టాపు ఎనక్కి ఒంగుతాదని
ఆ బెంగుళూరు బ్రోకరు సూపించినాడు, నువ్వు మురిసిపోనావు.
ఒక్కసారే సూపించినాడు కదా?
రెండోసారి నొక్కమనాల్సింది.
ఇంజను ఏడెక్కినాక ఇంకోసారి.
పలాసలో పిక్కలు కొన్నప్పుడు
బస్తా పైన సూసి బేరమాడతావేటి నువ్వు?
నాలుగు కోసి పప్పు సూడవూ?

ఇదిగో, డిక్కీ మూల ఏలు పెట్టు.
జిడ్డు.
టాపుని ఎత్తే పంపు కారుస్తున్న నూనె.
ఆడు కొట్టిన సెంటు రెండ్రోజుల్లో పోయింది,
ఇప్పుడేటొస్తోంది? ముక్కిన కార్పెట్టు వాసన.
తలుపు రబ్బర్లు
మా అత్త మడమల్లాగ బీటలేసినాయి.
ఎనకద్దం అసలు అద్దమే కాదు, ప్లాస్టిక్కు,
పసుపు తిరిగిపోయి
ఎనకొచ్చే లారీ మంచులో గేదెలాగుంది.
ఈ బొక్కలు సూసినావా, సిటికెనేలంత?
వాన నీళ్లు దిగాల్సిన తోవ.
ఎక్కడి తురాయి రేకులో కుళ్లి కూరుకుపోనాయి.
నెలకోసారి సైకిలు బ్రేకు వైరు దూర్చి తిప్పితే సాలు,
ఏ కంపెనీవోడూ అక్కర్లేదు.
తడి టాపు మాత్రం ఎప్పుడూ మడవకు.
తడి బట్ట మూటగడితే ఏటవుతాదో
మగోళ్లకి సెప్పాల్సొస్తాది.

టీ తాగు. సల్లారిపోతాది.

ఇంక దాసలేను.
నిన్న సీటు బోల్టులు ఇప్పినాను.
పట్టా కింద, ఇనుప సందులో గోరు గీస్తే
ఎండిన ఒండ్రు రాలింది, సోడిపిండిలాగ.
బెల్టు కొసదాకా లాగినాను.
సీటుకి జానెడు పైన
నీరు నిలబడ్డ గీత.

ఆ గీత నాకు కొత్త కాదు బాబూ.
తుపానుకి నాగావళి మా ఈదిలోకొచ్చినప్పుడు
గోడ మీద అదే గీత,
మా నాన్న పెళ్లి ఫొటోలో ఆయన నడుందాకా అదే.
నా కుట్టుమిషను మూడు రోజులు మునిగి
నాలుగోరోజు నూనేస్తే తిరిగింది.
దానికి కంప్యూటరు లేదు.
నీ బండికుంది. సరిగ్గా ఆ సీటు కిందే.

మన ఏటి మట్టి కాదిది, నల్లగుంది.
ఏ ఊరు మునిగిందో,
ఎవుడి వాకిట్లో ఇది తేలిందో,
అప్పుడు టాపు మూసున్నాదో, తెరిసున్నాదో.

ఎంతకి కొన్నావో సెప్పకు.
నవ్వడానికి కాదు పిలిసింది.
ముప్పయ్యేళ్లు పిక్కలు కాల్సిన పొగలో బతికినోడివి,
నెత్తి మీద కాస్త గాలి కావాలనుకున్నావు,
తప్పేటి?

కంపెనీ టాపు మూడు లచ్చలంటన్నారు.
నాను కుడతాను.
మా నాన్న బందరువానిపేట పడవలకి తెరసాపలు కుట్టినోడు.
దారానికి మైనం పట్టించి, కుట్టు మీద కుట్టు కాకుండా
పక్కనే ఇంకో వరస.
సూది పొడిసిన ప్రతి బొక్కా సముద్రానికి గుమ్మమే అనీవోడు.
పైన నీరు రాదు, నాది పూచీ.
కింద, సీటు కింద ఉన్నదానికి
ఇశాపట్నం నుంచి మనిషి రావాల,
ఆడేటంటాడో నాకు తెలీదు.
అందాకా బ్యాటరీ వైరు పీకీసి ఉంచు.

అయ్యో, మబ్బేసింది.
వొద్దొద్దు, మీట ముట్టుకోకు!
సేత్తో మూద్దాం, రా.
ఆ కొస నువ్వు పట్టు.
లాగకు.
మెల్లిగా.
అదే వస్తాది.