తెల్లవి పెరగాల

ఆదోని నుంచి కర్నూలుకు వచ్చేటప్పుడు
నాయన పరుపుల ఆర్డర్ల పుస్తకం తెచ్చినాను,
బాకీ ఉన్నోళ్లకు ఫోన్లు చేద్దామని.
ఇప్పుడు అదే నా జొరం పుస్తకం.

"డబల్ కాటు పరుపు ఒకటి, దిండ్లు నాలుగు, అడ్వాన్సు ఐదొందలు."
దాని కింద నా రాత:
రాత్రి రెండున్నర. నూటా ఒకటి పాయింట్ నాలుగు.
సిస్టరును లేపినాను.
ఉచ్చ, మూడొందల ఎమ్మెల్.
గంజి మూడు గుక్కలు. మూడోది కక్కినాడు.

మందు ఎక్కించేది అయిపోయి తొమ్మిది దినాలు.
జబ్బును చంపేకి పోయిన మందు
నాయనను గూడా సగం దూరం తీసుకపోయి
ఆడనే నిలబెట్టింది.
"ఇంక కాచుకోవడమేనమ్మా,
తెల్లకణాలు పెరగాల" అన్నాడు డాక్టరు.

తెల్లవి.
నలభై ఏండ్లు తెల్లదాంట్లోనే బతికినోడు నాయన.
మీసాల మీద, రెప్పల మీద, చెవుల్లో,
మా సంగటి ముద్ద మీద గూడా ఏకిన దూది.
నాలుగేండ్లప్పుడు వాకిట్లో ఆయన్ను చూసి
ముసలోడైపోయినాడని ఏడ్చినానంట.
అమ్మ కొంగుతో దులిపి
"ఇదో, మీ నాయన" అని చూపించిందంట.

ఇప్పుడు దులిపేకి రెప్పల మీద వెంట్రుకే లేదు.
దినామూ తెల్లారుజామున ఒక సన్న గొట్టంలో
ఆయన తెల్లదనాన్ని లెక్కపెట్టేకి తీసుకపోతారు.
మూడొందలు.
రెండొందల యాభై.
నూటా పది.
"యార్డులో పత్తి రేటు మాదిరి పడతాందే" అన్నాడు,
నోటి నిండా పుండ్లతో, ఒక్కో మాటా ఏరుకుంటా.
నేను నవ్వినాను. మాస్కు లోపల.
నవ్వినట్టు తెలియాలని కండ్లు ఇంకొంచెం చికిలించినాను.

మొదటిసారి లుంగీ మార్చినప్పుడు
ఇద్దరమూ గోడ తట్టు చూసినాం.
మూడోసారికి
నిరుడు సూదుల రేటు ఎంతో మాట్లాడుకున్నాం.

మస్తానమ్మత్త పీర్ల కాడి ఊదీ తెచ్చింది.
గడప దాటనీయలే.
పొట్లం నా బ్యాగు అడుగున ఉండాది, చార్జరు పక్కన.
ఇంటి దిండు తెస్తానన్నా వద్దన్నారు, దుమ్మంట.
నాయనకు కోపం రాలే.
రెగ్జిను పరుపును వేలితో ఒత్తి చూసి
"దీంట్లో ఊపిరి లేదు పాపా,
మన దాంట్లో ఊపిరీ ఉండాది, దుమ్మూ ఉండాది" అన్నాడు.

ఒకనాడు మాత్రం అరిచినాను.
"తిను. నాకోసరమన్నా తిను."
పక్క గదికి వినపడేంత గట్టిగా.
తిన్నాడు. కండ్లెంబడి నీళ్లు కారతా
గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాడు.
అది పుస్తకంలో రాయలే.

పద్నాలుగో దినం నాలుగొందలు.
సిస్టరు తప్పు చదివిందేమోనని మళ్లీ అడిగినాను.
పదహారో దినం తొమ్మిదొందలు.

ఆ పొద్దున నిద్ర లేచేసరికి
నాయన చూపుడువేలితో
సెలైను గొట్టాన్ని మీటతాండాడు,
విల్లు నారిని చూసినట్టు
చెవి కొంచెం వంచి.
శబ్దమేమీ రాలేదు.
"బిగువు చాల్లేదు" అన్నాడు.

తర్వాత పుస్తకం అడిగినాడు.
నా జొరాలూ, ఉచ్చలూ, గుక్కలూ అన్నీ దాటి
వేలు ఒక్క చోట ఆగింది.
"హెబ్బటం రామాంజినికి పరుపు ఇయ్యలేదే.
ఐదొందలు తిన్నాం గదా మనం."
"నువ్వింక దూది ముట్టగూడదంట నాయనా."
శానాసేపు కిటికీ తట్టు చూసినాడు.
ఆడ చూసేకి ఏమీ లేదు, నీళ్ల ట్యాంకూ, ఒక తీగ మీద చీరలూ.
"మంచమేసుకోని దూరంగా కూచుంటా.
నేను చెప్తా. నువ్వు ఏకు."

నాకు విల్లు ఎత్తేకి రాదు.
ఆ మాట అనలే.
పెన్ను మూత తీసినా:

ఎనిమిది గంటలు. తొంభై ఎనిమిది పాయింట్ ఆరు.
ఇడ్లీ, ఒకటిన్నర.