టికెట్ వెనక చిల్లర

ఫోన్ల అంతా మంచిగనే ఉండేది.
"తిన్నవా చిన్నాయనా?" "తిన్న బిడ్డా."
"గోలీలు?" "ఏసుకున్న."
ఆయన గొంతుకు ముసలితనం రాలె.
ముప్పై రెండేండ్లు పరకాల బస్సుల
ఇంజను మోతను దాటి
వెనక సీటు దాకా పోయిన గొంతు.
నేను గొంతునే నమ్మిన.

కాజీపేట నుంచి మట్టెవాడ ఎంత,
ట్రాఫిక్ ఉంటే గంట.
పదిహేను రోజులకోసారి పోయేదాన్ని,
పండ్లు పట్టుకొని, చుట్టం లెక్క.

ముందుగాల చూసింది పాలప్యాకెట్లు.
ఫ్రిజ్జుల ఐదు. ఒకటి ఉబ్బింది.
"పాలాయన ఎక్కువేసిపోతుండు" అన్నడు.
తర్వాత అంగీ.
ఒక కాజా తప్పి, గుండీలన్నీ
ఒక మెట్టు కిందికి దిగినయి.
ఖాకీ మడత ఎన్నడూ నలగని సారంగపాణి కండక్టరు!
"తొందరల ఏసుకున్న" అన్నడు.
యాడికీ పోయేది లేనోనికి తొందరేంది,
అడగలె.

మాడిన గిన్నె మంచం కింద దొరికింది,
పాత పేపర్ల చుట్టి ఉంది.
దొరికిపోయిన పిలగాని లెక్క
నా దిక్కు చూసిండు.
ఆ చూపు నాకెరుకే.
తొమ్మిదో తరగతి లెక్కల పేపరు
నేనూ ఇట్లనే బియ్యం డబ్బాల దాచిన.
ఆయనే పట్టుకున్నడు, మా నాయినకు చెప్పలె.
నేను గూడ గిన్నెను ఉన్నకాడ్నే పెట్టిన.
అప్పుడది దయ.
ఇప్పుడు తప్పు.

ఆ ఐతారం కరెంటు పోయింది.
సెల్లు లైటు గోడకు అడ్డంగ పడ్డది.

మంచం కాన్నుంచి బాత్రూం దాకా
తెల్ల సున్నం మీద
అరచేతుల మరకలు.
జానెడుకొకటి.
దర్వాజ కాడ ఒకదాని మీదొకటి నాలుగైదు,
అక్కడ ఎంతసేపు ఆగిండో.
రాత్రిపూట ఒక్కడే ఎక్కి
ఒక్కడే దిగే రూటు ఇది.
ఆఖరి గడప కాడ
మరక మరక లెక్క లేదు.
ఐదు వేళ్లూ కిందికి గీరుకుంట
మోకాలెత్తు దాకా వచ్చి ఆగినయి.

ఎన్నడు పడ్డడు?
ఎంతసేపటికి లేచిండు?
ఆ తెల్లారి నాకు ఫోన్ చేసి
"మంచిగనే ఉన్న" అన్న దినమేనా?

చీకట్ల పక్కన కూసొని
"చిన్నాయనా, పరకాల నుంచి స్టేజీలు చెప్పు" అన్న.
నవ్విండు. నోటికి వచ్చిన పాటేనాయె.
"పరకాల..." అన్నడు.
"పరకాల..."
గూడెప్పాడు రాలె.
ఆరెపల్లి రాలె.
బస్సు అక్కడ్నే నిలబడ్డది, ఇంజను బందు కాకుండ,
ఆయన కిటికీల నుంచి
తెలియని ఊరును చూస్తున్నడు.

రంగశాయిపేట నుంచి స్వరూప వచ్చింది,
పొద్దున ఏడు నుంచి రాత్రి దాకా.
రాత్రికి నేను.
"నాకెందుకు మనిషి? నేనేమన్న మంచంల పడ్డనా?"
మూడు దినాలు అన్నం ముట్టలె.
స్నానానికి చెయ్యి పట్టనియ్యలె.
"ఆడమనిషి ముంగట" అని గోడ దిక్కు తిరిగి ఏడ్చిండు.
నేను వంటింట్ల నల్లా తిప్పుకొని నిలబడ్డ,
నా ఏడుపు ఆయనకు వినబడొద్దని.
స్వరూప ఏం బతిలాడలె.
గోడ వెంబడి కమ్మి కొట్టిచ్చింది,
ఆయన చెయ్యి ఎత్తును మరకల మీదనే కొలిచి.
నాలుగో దినం
గదిల కాలు పెడుతుంటే అడిగిండట:
"యాడిదాక?"
"మీరు దిగేదాక" అన్నదట ఆమె.
చిల్లర ఉందా అని అడిగిండట.

సున్నం ఏపిస్త అంటది స్వరూప.
వద్దన్న. కొన్నాళ్లుండని.

బస్సుల చిల్లర లేకుంటే
టికెట్ వెనక బాకీ రాసిచ్చేటోడు చిన్నాయన.
దిగేముందు యాది చేసి తీసుకోవాలె,
అది ఎక్కినోని పని.
నా హాస్టలు ఫీజు, నా మొదటి సైకిలు,
లెక్కల పేపరు మీద మూసిన నోరు,
అన్నీ వెనక్కి తిప్పితే ఉన్నయి, పెన్సిలు రాతల.
ఈసారి బాకీ నాది.
ఆయనకు యాది లేదు.
అడగడు.