పసుపు తాడు

కువైట్ సిటీ చర్చి కాంపౌండులో
శుక్రవారం నా పని తాడు పట్టుకోవడం.
మిగిలిన ఆరు రోజులూ జిలీబ్‌లో ఖుబ్బూస్ పిండి కలుపుతాను.

పదకొండుకి తమిళుల ఆరాధన ముగుస్తుంది.
అదే పదకొండుకి మాది మొదలు.
ఒకటే బేస్‌మెంటు, ఒకటే మెట్లదారి.
ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు,
మధ్యలో ఈజిప్టు ముసలమ్మల నల్లబట్టలు,
ఫిలిప్పీన్ పిల్లల గిటార్లు,
బిర్యానీ గిన్నె చెరో చెవీ పట్టుకున్న మా నరసాపురం ఆడవాళ్ళు.

మొదటి నెలంతా ఈల ఊదాను.
ఎడమకి రండి, కుడికి పొండి అని
నాకు రాని ఐదు భాషల్లో అరిచాను.
తాడు కట్టిన చోటల్లా జనం ముడిపడ్డారు.
ఒక శుక్రవారం గొంతు పోయింది.
తాడు చంకన పెట్టుకుని గోడకి ఆనుకున్నాను.

అప్పుడు చూశాను.
ముందు నడిచే వీపు వెనక ఒక వీపు,
ఎదురొచ్చే భుజానికి బెత్తెడు తప్పుకున్న భుజం.
రెండు నిమిషాల్లో మెట్ల మీద రెండు ఏరులు,
ఒకటి పైకి,
ఒకటి కిందకి.

కెజియా నవ్వింది.
సాల్మియాలో ఒక ప్రొఫెసరు గారింట వంట చేస్తుంది.
టీ కప్పుతో గుమ్మంలో నిలబడి నిలబడి
ఆయన పాఠం సగం పట్టేసింది.
"దానికో శాస్త్రం ఉందన్నా.
చీమకి పుట్ట నక్షా తెలీదు,
పక్క చీమ తెలుసు, అంతే.
ఇంతింత తెలివిడి కలిసి
ఎవరికీ తెలియని పెద్దదొకటి లేస్తుందంట.
మేస్త్రీ అక్కర్లేదంట."
కాసేపాగి, గొంతు తగ్గించి,
"మరి ఆయనకేం పని మిగిలినట్టు?"

రాత్రి ఆ ప్రశ్నని పిండి దగ్గరకి తీసుకుపోయాను.
యాభై కిలోల బస్తాకి ఇంత ఈస్టు.
కలిపాక అదెక్కడుందో చూపించలేను.
తెల్లారుజాము మూడింటికి
తొట్టి అంచు దాటి ఉబ్బిన పిండిలో
అది లేని చోటూ చూపించలేను.
మేస్త్రీని గట్టు మీద వెతుకుతున్నామేమో,
ఆయన తొట్టిలో దిగాడేమో అనుకున్నాను.
ఆదివారబడి జవాబులా ఉందని
నాకే నవ్వొచ్చింది.

మార్చిలో తూజ్ లేచింది.
పొద్దున పదకొండుకే ఆకాశం ఇటుక రంగు.
బయటున్నవాళ్ళంతా లోపలికి,
కరెంటు పోయి లోపలివాళ్ళంతా బయటికి.
అవే మెట్లు. అవే భుజాలు. అదే శాస్త్రం.
ఇసుక కుప్ప మీద ఒక్కో రేణువూ పడుతుంది,
పడుతుంది, పడుతుంది, ఏమీ కాదు.
తర్వాత ఒక్క రేణువుకి కుప్పంతా జారుతుంది.
ఎవరిదో కాలు జారింది.
కేక వేశాను.
నా కేక కూడా ఇంకో తోపే అయింది.

చెబితే పెద్ద సంగతి కాదు.
ఏడో మెట్టు మీద ఒకావిడ ఆగింది.
ఏ దేశమో, చేతిలో ఆకుపచ్చ టిఫిన్ క్యారియర్.
దాన్ని వదిలేసి
పడ్డవాడి మీదుగా రెండు చేతులూ చాచి
ఇటు గోడా అటు కమ్మీ పట్టుకుని
వీపు అడ్డం పెట్టింది.
సాంబారు మెట్టు మెట్టుకీ దిగింది.
వెనక వీపు ఆగింది. దాని వెనకది ఆగింది.
తోపులాగే ఆగడం కూడా అంటుకుంటుందని
అప్పటిదాకా నాకు తెలీదు.
జనం రాయి దగ్గర ఏరులా చీలారు.
కిందనించి లేచినవాడు మా గెద్దాడ సంసోను.
ఒక చెప్పు లేదు, అంతే.
ఆవిడ కోసం మూడు ఆరాధనలు వెతికాను,
కనబడలేదు.

"ఆగడం కూడా ఆ లెక్కలో ఉందేమో కనుక్కో" అన్నాను కెజియాతో.
కనుక్కొచ్చింది.
"ఉందంట. ఒక్కరు ఆగితే ఏమవుతుందో చెప్పగలరంట.
ఎవరు ఆగుతారో, ఎందుకు ఆగుతారో
ఆ అంకె మాత్రం
బయటినించే వేసుకోవాలంట."
ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు.
తమిళుల ఆఖరి పాట అయిపోవచ్చింది.

ఇప్పుడు శుక్రవారాలు
ఏడో మెట్టు పక్కన ఉత్త చేతుల్తో నిలబడతాను.
తాడు జిలీబ్‌లో మా గది మేడ మీద కట్టాం.
ఐదుగురి చొక్కాలు ఆరుతున్నాయి దాని మీద,
గాలికి ఒకదాన్నొకటి
బెత్తెడు తప్పుకుంటూ.