పది లోపు

మిరపకాయని చూసి అమ్మ చెప్పేస్తుంది
ఎన్నిసార్లు తడిసిందో,
కల్లంలో ఎన్ని రాత్రులు పట్టా కింద ఉక్కపోసిందో.
అదే మాట చెప్పడానికి నాకు
నాలుగేళ్ల బీటెక్కూ, రెండు గంటల టైమూ,
ముట్టుకుంటే మేనేజరు ఉలిక్కిపడే మిషనూ కావాలి.

ఎంసెట్‌లో నా ర్యాంకు
డాక్టరు సీటు వీధి మలుపు దాకా కూడా పోలేదు.
"బయో ఉంది, ఇంజినీరింగూ ఉంది,
రెండూ ఒకే ఫీజులో వస్తున్నాయిగా" అన్నాడు
కౌన్సెలింగ్ బయట జిరాక్స్ షాపాయన.
మా ఇంట్లో అంతకంటే తెలిసినవాళ్లు లేరు.

అరవైమందికి ఒక్క ఫెర్మెంటర్.
తనిఖీవాళ్లు వచ్చిన రోజే దాని మీద గుడ్డ తీసేవాళ్లు.
సూక్ష్మజీవులు పెరిగే గీతని
రికార్డులో పక్కవాళ్లది చూసి గీశాను.
ఆ ఎండాకాలం దోసెల పిండి
అర్ధరాత్రి గిన్నె మూత లేపి గట్టు మీదకి పారితే
గరిటె పట్టుకుని నిలబడిపోయాను:
గీత నిజమే.

క్యాంపస్‌కొచ్చిన కంపెనీ
మెకానికల్ వాళ్ల పక్కన కూర్చోబెట్టి
మమ్మల్నీ జావా అడిగింది.
నజ్మున్ హైదరాబాదులో రాత్రంతా
ఎవరివో జబ్బులకి నంబర్లు వేస్తుంది.
మా క్లాసు ఫస్టు ఏడుకొండలు
కొత్తపేటలో డాక్టర్ల గదుల బయట
మందుల బ్యాగు ఒళ్లో పెట్టుకుని
పేషెంట్లందరూ అయిపోయేదాకా కూర్చుంటాడు.
మొన్న కనబడి నవ్వాడు. నేనూ నవ్వాను.
నేను పదకొండు నెలలు
ఇంటర్ పిల్లలకి డీఎన్ఏ మెలికలు చెప్పాను,
నెలకి రెండు వేలకి.

ఆ నెలల్లో ఇల్లు గడిపినవి అమ్మ వేళ్లు.
చుట్టుగుంట గోడౌన్‌లో తొడిమలు తీసే వేళ్లు,
మజ్జిగతో కడుక్కుంటే గానీ
నా మొహం ముట్టుకోని వేళ్లు.

చివరికి ఏటుకూరు రోడ్డులో,
కోల్డ్ స్టోరేజీల మధ్య, రెండో అంతస్తులో ల్యాబు.
జీతం పదకొండున్నర వేలు.
అఫ్లాటాక్సిన్ అంటే అమ్మకి నోరు తిరగలేదు.
"బూజు విషమమ్మా" అన్నాను.
"అదా" అంది, ఎప్పట్నించో ఎరిగిన చుట్టం పేరు విన్నట్టు.
వంద కోట్ల పాళ్లలో పది పాళ్లు.
పది దాటితే సరుకు ఓడ ఎక్కదు.

జులైలో ఒక శాంపిల్ వచ్చింది.
కవరు మీద కోడ్ నంబరే ఉంది గానీ
ఆ ఏడు అంకె కింద గీత పెట్టే అలవాటు
అమ్మ కూలి చీటీల మీద చూసిందే.
తెర మీద గీత ఒకచోట ముక్కు పైకెత్తింది.
ఇరవై మూడు పాయింట్ ఆరు.
మళ్లీ చేశాను. ఇరవై నాలుగు.
"ఇంకో శాంపిల్ పంపుతాం, బాగా ఎండినవి ఏరి"
అని ఫోను.
మేనేజరు కిటికీ వైపు చూశాడు.
నేను సంతకం వైపు చూసి, పెట్టేశాను.

లాటు వెనక్కొచ్చింది.
నలభైమంది ఆడవాళ్లకి వారం రోజులు పనిలేదు.
నేను ఏమీ చెప్పలేదు.
మూడో రోజు, బియ్యం ఏరుతూ, తనే అంది:
"ఆ టిక్కీలు తడిసినవని మొదటి రోజే అన్నా.
మమ్మల్నెవరడుగుతారు?"
చేట ఆపి, "నువ్వైనా అడగొచ్చుగా."

ఇప్పుడు నా దగ్గర ఒక నోటుబుక్కుంది.
ఎడమ పక్క అమ్మ మాట, కుడి పక్క మిషన్ మాట.
ల్యాబులో ఎవరికీ చూపించలేదు.
పద్దెనిమిదిట్లో పధ్నాలుగు కలిశాయి.
తప్పిన నాలుగు చూసి అమ్మకి నిద్రపట్టలేదు,
నన్ను కాదు, మిషన్‌ని తిట్టింది.

నిన్న చెంగున కట్టుకొచ్చింది గుప్పెడు కాయలు.
ఒకదాన్ని చెవి దగ్గర ఊపి గింజల చప్పుడు విని,
విరిచి వాసన చూసి, తుమ్మి,
"పది లోపే. రాసుకో" అంది.

రాసుకున్నాను.
మధ్యాహ్నం రెండున్నర.
మిషన్ ఇంకా తిరుగుతోంది.