ఇరవై రెండు సెంటీమీటర్లు

పుస్తకాల అర లోతు ఇరవై రెండు సెంటీమీటర్లు.
టేపు రెండుసార్లు సాగదీసినా అంతే.
సూనివా మూడోసారి కొలిచింది,
చెక్క జాలిపడి పెరుగుతుందేమోనని.

బెర్గెన్‌లో నవంబరు.
కొండ మీంచి వాన, సముద్రం మీంచి వాన,
గొడుగు కింద నుంచి కూడా వాన.
చెక్క ఇల్లు, రెండో అంతస్తు,
ముగ్గురం, ఒకటే ముందుగది.
అందులోనే తిండి, అందులోనే ఆరేసిన మేజోళ్ళు,
అందులోనే హాల్వార్ పాత స్పీకర్లు.
నడుమెత్తు, నల్లటివి, బీరువా కన్న కవలల్లా.
వాటి మీద పూలకుండీ పెడితే
డబుల్ బాస్ మొదలవగానే
అది నడుచుకుంటూ అంచుకొచ్చేది.
కింది వాటా బోర్గిల్డ్ చీపురుకర్రతో
తన పైకప్పుని, అంటే మా నేలని,
మూడేసి పోట్లు పొడిచేది.
గోడలకి చెవులుంటాయంటారు.
మా నేలకి కర్ర కూడా ఉంది.

"చిన్నవి కొందాం, చూడముచ్చటైనవి" అంది సూనివా.
"చూస్తే స్పీకర్లలా అనిపించకూడదు."
"వింటే అనిపించొచ్చా?" అన్నాడు హాల్వార్.
నేను మధ్యలో కూర్చుని బంగాళాదుంపల తొక్క తీశాను.
నాకు కావలసింది ఒక్కటే,
వైరు కనిపించకూడదు.

దుకాణం గుడ్మున్‌ది.
కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
ఒక్కో స్పీకర్నీ పిల్లిని ఎత్తినట్టు ఎత్తుతాడు,
పొట్ట కింద చెయ్యి వేసి.
వాల్‌నట్ తొడుగువి, సున్నంలా తెల్లవి,
ఆవపువ్వు రంగు గుడ్డ కప్పుకున్నవి.
ఒకటైతే మరీ నాజూకు,
గట్టిగా పాడిస్తే కందిపోయేలా ఉంది.
"వీపున రంధ్రం ఉన్నవాటిని గోడకి ఆనించకండి,
ఊపిరాడక బొంగురుపోతాయి.
మీ అరకి ముందు రంధ్రం ఉన్నవే మేలు.
చెవి ఎత్తున పెట్టండి.
కూర్చున్న చెవి, నిలబడ్డది కాదు."
హాల్వార్ అక్కడే నేల మీద చతికిలబడి విన్నాడు.
పిట్ట కొంచెం కూత ఘనం అనుకున్నాన్నేను.
అతని మొహం మాత్రం
పిట్టకి గొంతుంది, పొట్ట లేదు అంటోంది.

వాల్‌నట్‌వి తెచ్చాం,
నచ్చకపోతే వారంలో తిరిగివ్వాలన్న మాట మీద.
ఒకటి అట్లాసు పక్కన,
ఒకటి సూనివా పులియబెట్టే పిండి సీసా పక్కన.
గది ఉన్నట్టుండి పెద్దదైంది.
పాతవి నిలబడ్డ చోట
రంగు మాయని రెండు చదరాలు,
ఎవరో చెప్పులు విప్పి లోపలికెళ్ళినట్టు.

విల్లు తీగకి తగలబోయే ముందటి
సన్నటి గీర కూడా వినిపిస్తోందన్నాను.
"ఇల్లు కట్టారు, పునాది మరిచారు" అన్నాడు హాల్వార్.
నాలుగు రోజులు ఇదే గొడవ, చిన్న గొంతులతో.

ఐదోనాడు తలుపు చప్పుడు.
బోర్గిల్డ్. చేతిలో చీపురు లేదు.
"ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?
నాలుగు రోజులుగా మీ ఇంట్లోంచి ఏమీ దిగి రావట్లేదు."

సోఫా మధ్యలో కూర్చోబెట్టాం.
ఆవిడ చెవులు సరిగ్గా ఆ ఎత్తుకే వచ్చాయి.
హాల్వార్ అదే డబుల్ బాస్ రికార్డు పెట్టాడు.
కాఫీ చల్లారిపోయింది.
"దీనికి పైన ఇంత జరుగుతుందా?" అందావిడ.
"ఆరేళ్ళు ఈ పాట అడుగుల చప్పుడే విన్నాను.
ముఖం ఇలా ఉంటుందనుకోలేదు."
కాసేపాగి,
"కానీ అడుగులు తగ్గాయి."
హాల్వార్ ఆవిణ్ణి తప్పిపోయి దొరికిన మేనత్తలా చూశాడు.

గురువారాలు ఆ పెద్దవాటిని పెట్టమంది.
ఆ పూట తను స్వెట్టర్ అల్లుతుందట,
ఆ దెబ్బకైతే కుట్లు లెక్క తప్పవట.
"మరి కర్ర?" అడిగింది సూనివా.
"అదా? తాళం."

ఆరేళ్ళు మేం దాన్ని కోపమనుకుని
కాలివేళ్ళ మీద నడిచాం.

పెద్దవి ఇప్పుడు హాల్వార్ మంచం పక్కన.
గురువారం సాయంత్రం ఇద్దరం పట్టుకుని తెస్తాం,
ఆ రెండు చదరాల్లో సరిగ్గా దిగుతాయి.
మిగతా రోజులు వాల్‌నట్‌వి.
వైరు మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది.