కుడిచేతి కొండ

తెల్లవారుజాము నాలుగు. రియోబాంబా ఇంకా కుక్కల చేతుల్లోనే ఉంది.
ఎఫ్రాయిన్ గువామింగా టార్చి పళ్ళతో కరిచిపట్టి
నా చైనుకి నూనె వేస్తున్నాడు, చుక్కలు లెక్కపెట్టి,
పసిబిడ్డకి మందు వేసినట్టు.
"నూట అరవై కిలోమీటర్లు.
కొండ ఎప్పుడూ నీ కుడిచేతి వైపే. తప్పిపోవు."

మా వైపు దీన్ని ప్రదక్షిణ అంటారని చెప్పాను.
ఆ మాటని రెండుసార్లు నమిలి, సగం మింగేశాడు.
వాళ్ళు చింబొరాసోని తైతా అంటారు, నాన్న అని.
నా చెవిలో పడేసరికి అది తాత అయిపోతోంది.
దిద్దుకోలేదు.

సాన్ హువాన్ దాటాక బార్లీ చేలు అయిపోయాయి.
ఆ తర్వాత ఇళ్ళు. ఆ తర్వాత మాటలు.
ఆఖరి గేరు కూడా అయిపోయాక
నా దగ్గర మిగిలింది నా బరువొక్కటే.

అరెనాల్. పేరుకే ఇసుక.
ఎప్పుడో కొండ కక్కిన బూడిద, తేలికరాళ్ళు,
బూటు కింద అటుకుల్లా నలుగుతాయి.
పసుపు గడ్డి అంతా ఒకే దిక్కుకి దువ్వినట్టు పడుకుంది.
గాలి నా ముందు చక్రాన్ని
పాలు మాన్పించే దూడని లాగినట్టు లాగింది.
దిగి నడిచాం.
విక్యూన్యాలు తలలెత్తి మమ్మల్ని చూసి,
పెద్ద విశేషమేమీ లేదని మళ్ళీ మేతకి వంగాయి.
కుడివైపు మబ్బు. మబ్బు వెనక మబ్బు.
ఆరువేల మీటర్ల తాత ఎక్కడా లేడు.

గొర్రెల్ని తోలుకుంటూ ఎదురొచ్చింది మామా త్రాన్సితో.
ఎర్ర శాలువా, మగవాళ్ళ టోపీ, రబ్బరు బూట్లు.
ఎక్కణ్ణించి, ఎక్కడికి అని అడిగింది.
రెండిటికీ ఒకటే ఊరు చెప్పాడు ఎఫ్రాయిన్.
కాసేపు ఆలోచించింది.
"ఏమైనా పారేసుకున్నారా?"

ఎవరం నవ్వలేదు.
మూట విప్పి చెరో గుప్పెడు పోసింది,
వేయించిన బార్లీ పిండి, మన సత్తుపిండికి చుట్టం,
పైన గోరంత బెల్లం.
అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు,
మాట్లాడితే గాలి మొత్తం ఎగరేసుకుపోతుంది.
ముగ్గురం అలా మూగగా నిలబడ్డాం,
గొర్రెలు మా చక్రాల్ని వాసన చూస్తుంటే.

అంబాతో దాకా దిగుడు. కాలిన బ్రేకు రబ్బరు వాసన.
వేళ్ళు నావి కావు.
మోచా దగ్గర వాన, పైన ఉర్బినా ఎక్కుడు.
బోసిపోయిన రైలు స్టేషను గోడకి ఆనుకుని
ఏడ్చాను, కొంచెమే.
ఎఫ్రాయిన్ టైరులో గాలి చూస్తున్నట్టు అటు తిరిగాడు.
ఏమైనా. పారేసుకున్నారా. ఏమైనా. పారేసుకున్నారా.
పెడలుకో మాట చొప్పున ఊళ్ళోకి వచ్చిపడ్డాం.

రాత్రి తొమ్మిదింటికి షాపులో చైను విప్పి
కిరసనాయిలు డబ్బాలో కడిగాడు.
అడుగున నల్లగా, సన్నగా, అక్కడక్కడా మెరుస్తూ ఏదో పేరుకుంది.
"పొద్దుట్నించీ కనపడలేదన్నావుగా,"
డబ్బా దీపం కిందకి వంచాడు.
"ఇదిగో, తైతా."

తర్వాత దాన్ని పాత గుడ్డతో తుడిచేసి షట్టరు దించాడు.
నేను బయట మెట్టు మీదే ఉన్నాను.
లేవడానికి మోకాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు.