నకలు విభాగం

నాంపల్లి రికార్డు గదిలో
అసలు పుస్తకం గడప దాటదు.
కూర్చోమనక ముందే ఆ మాట చెప్పేస్తాడు దస్తగీర్ సాబ్.
ఎర్రగుడ్డ మూట విప్పి
నా పుట్టుక ఉన్న పేజీ ఒక్కటే తెరిచి
మిగతావి మోచేత్తో అదిమిపట్టి రాశాడు.
తుల్జ అని ఉన్నచోట ఉల్జ అని పడింది.
"ఉల్ఝా! చిక్కుముడివమ్మా నువ్వు" అని నవ్వి
కొట్టేయబోయాడు.
వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో
హబ్సిగూడలో బస్సు దిగేదాకా తెలియలేదు.

మా ల్యాబ్‌లో నేను చూసేదీ నకళ్ల పనే.
కణం కణంలో రెండు గజాల పైచిలుకు దారం
ఆవగింజ ముందు ఏ మూలకీ రాని గదిలో చుట్టి ఉంటుంది.
దాన్నెవరూ బయటకు తేరు.
కావలసిన చోట ఒక ఎంజైము వచ్చి వాలుతుంది,
డజనో పదిహేనో మెట్లు విప్పుతుంది,
రెండు పోగుల్లో ఒకటే చదువుతుంది.
జి ఎదురైతే సి, సి ఎదురైతే జి,
టి ఎదురైతే ఎ.
ఎ ఎదురైనప్పుడు మాత్రం
టి రావలసిన చోట యు రాస్తుంది.
ఎప్పుడూ అంతే. దాని దస్తూరీ అది.
ముందు విప్పుకుంటూ పోతుంటే
వెనకాల దారం దానంతటదే ముడుచుకుంటుంది,
ఎవరూ వచ్చి వెళ్లనట్టే.
సెకనుకి ముప్పై నలభై అక్షరాలు.
దస్తగీర్ సాబ్‌కైతే రెండు పేరాలకో చాయ్ పడాలి.

రాతకోతలంటారు కదా,
ఇక్కడ రాత తర్వాత నిజంగానే కోత.
నడిమి పేరాలు కత్తిరించి అతుకుతారు,
తలకో టోపీ,
తోకకి ఎ ఎ ఎ ఎ అని ఆగని నత్తి.
అప్పుడు గానీ గేటు దాటనివ్వరు.
బయట దాన్ని చదివి, పని కానిచ్చి,
ముక్కలు ముక్కలు చేసేస్తారు.
కొన్నైతే కప్పులో చాయ్ చల్లారే లోపే.

మొన్న మంగళవారం
గ్లౌజు లేకుండా ఒక్క ట్యూబు మూత తీశాను.
నకళ్లు తినే చెదలు నా వేలి చెమటలోనే ఉన్నాయి.
మూడు వారాల పని
జెల్ మీద తడిసిన సిరాలా పాకిపోయింది.
హిమజ మేడమ్ తిట్టలేదు.
"పోయింది నకలేగా. కణాలు ఫ్రీజర్‌లో ఉన్నాయి,
మళ్లీ తీయి" అంది,
లంచ్ డబ్బా మూత బిగిస్తూ.

తప్పు నకల్లో పడితే నకలుతోనే పోతుంది.
పుస్తకంలో పడితేనే
పిల్లలకీ, వాళ్ల పిల్లలకీ.

ఆ కాగితం ఇంకా నా బ్యాగులోనే ఉంది.
ముద్ర ఉంది, సంతకం ఉంది,
పేరొక్కటి తప్ప అన్నీ సరే.
ఇద్దరం తప్పు చేశాం, సాబూ నేనూ.
ఇద్దరి వెనకా అసలు క్షేమంగా ఉంది.

సోమవారం పోయి మళ్లీ రాయించుకోవాలి.
సాబ్ మూట విప్పుతాడు, పేజీ తెరుస్తాడు.
నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను,
ముట్టుకోకుండా,
ఊపిరి కూడా కాస్త పక్కకి తిప్పుకుని.